రాయి కింది సగం

నర్సవ్వకు నమ్మకం అనేది పుట్టుకతోనే తక్కువ. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేది. బండి మీద వంకాయలు కొంటే తక్కెడ ముల్లు వైపు కాదు, బండివాడి బొటనవేలి వైపు చూసేది. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి రైలు దిగినప్పుడు, మొగుడు లస్మయ్య "ఇదే సూరత్" అంటే కూడా నమ్మలేదట. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాణ్ణి అడిగి ఖాయం చేసుకుందట. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి ఆమె వేళకింత తిండి పెట్టి, గోడాదరాలో మనవాళ్ల గల్లీలో నలభై ఏళ్లు చంకనేసుకుని తిరిగింది.

ఆమె ఏ అనుమానమూ లేకుండా నమ్మింది ఒక్కదాన్నే. గల్లీ మొదట్లో, పాన్ డబ్బా పక్కన, సిమెంటు గద్దె మీద నిలబెట్టిన నల్లరాయిని. అది యుద్ధంలో పోయినవాళ్ల కోసం నిలబెట్టిన రాయి. దాని మీద తెలుగు అక్షరాల్లో ఒకే ఒక్క పేరు ఉంది: గుండేటి రఘుపతి, సిపాయి. నర్సవ్వకు ఒక్కగానొక్క కొడుకు.

రఘుపతి ఆ గల్లీలోనే పెరిగాడు. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య, నూలు దుమ్ము పీలుస్తూ తండ్రిలా బతకడం తన వల్ల కాదని సైన్యంలో చేరాడు. మొదటి సెలవులో వచ్చినప్పుడు అమ్మానాన్నలను డుమస్ తీసుకుపోయి, సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తినిపించాడు. నర్సవ్వ ఒక్కో భజియా విరిచి, లోపల ఉన్నది టమాటాయేనని చూసుకున్నాకే నోట్లో వేసుకుంది. కొడుకు పగలబడి నవ్వాడు. ఆ తర్వాతి సెలవు అతనికి రాలేదు. కార్గిల్ యుద్ధం వచ్చింది.

కాయితాల్లో సొంతూరి చిరునామా ఉంది కాబట్టి శవపెట్టె ఆ పల్లెకే వచ్చింది. తెరవొద్దని పెద్దలంతా చెప్పారు. నర్సవ్వ పెట్టె మీద పడి, "మొఖం సూపియ్యకుంటె ఈడు నా కొడుకని నేనెట్ల నమ్ముత?" అని ఇల్లు పీకి పందిరి వేసింది. చివరికి తెరిచారు. చూసింది. చూశాకే ఏడ్చింది. చూడకుండా కాల్చి ఉంటే, ఈనాటికీ ఏ రైలు కూత విన్నా తలుపు దగ్గరికి పరుగెత్తేదాన్నని తర్వాత తనే చెప్పేది.

అంత్యక్రియలన్నీ ఊళ్లోనే అయిపోయాయి. పిల్లవాడు పెరిగిన గల్లీకి మాత్రం పిడికెడు బూడిద కూడా దక్కలేదు. అందుకని మనవాళ్లంతా తలా ఇంత వేసుకుని రాయి తెప్పించారు. ఏం చెక్కాలో, ఎక్కడ చెక్కాలో తండ్రివి నువ్వే చెప్పు అని లస్మయ్యను ముందుకు తోశారు. అసలు తంటా అక్కడ వచ్చింది.

లస్మయ్య పని భీములు అతకడం. సాంచె మీద నూలు చుట్టిన భీము అయిపోవస్తుంటే, బట్టను చివరిదాకా నేసి కోసేయరు. కొంత నూలు నేయకుండా వదిలిపెడతారు. కొత్త భీము వచ్చాక దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకు ముడివేయాలి. కొసలు వదలకుండా కోశావో, మొత్తం పోగులన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. చేసినవాడికి సేటు చేత పడే తిట్లు అన్నీ ఇన్నీ కావు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదే పని చేసిన మనిషి, రాయి చెక్కేవాడికి ఏం చెబుతాడు? "పైన సగంల పేరు రాయి, కింద సగం ఇడిశిపెట్టు" అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లంతా నేతవాళ్లే. అందరూ అవునవునని తలూపారు. ఒక్కడికైనా తప్పు తోస్తేగా!

ముసుగు తీసిననాడు ఆడవాళ్లకు తోచింది. పక్క వరసలో ఉండే కొమురవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అవ్వో! కింద జాగ ఎవలి కోసమే?" అంది. అంతే. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు రాసే రాయి మీద ఖాళీ జాగా ఉంచడమంటే, ఇంకో తల్లి కొడుకును రమ్మని ఆకు వేసి కూర్చున్నట్టే గదా! ఆనాటి నుంచి ఆ గల్లీలో ఏ తల్లీ కొడుకును సైన్యంలో చేరనివ్వలేదు. ఆ గద్దె మీద కూర్చున్న పిల్లలకు వీపు విమానం మోతే.

నర్సవ్వ మొగుణ్ణి దులిపేసింది. "నా కొడుకు పోయింది సాలదా? ఇంకెవలన్న పోవాల్నని జాగ వెట్టినవా?"

"అలవాటు నర్సా," అన్నాడు లస్మయ్య తల వంచుకుని. "ఎన్కముందు సూడలె. చెయ్యే అట్ల చెప్పిచ్చింది."

అలా మిగిలిపోయింది ఆ ఖాళీ. ఖాళీ జాగా ఉంటే కన్ను పడకుండా ఉంటుందా? మనవాళ్ల సమాజానికి పెద్ద, ప్రముఖ్ పరుశురాం ఒకసారి గద్దెకు రంగులు వేయిస్తూ, దాతల పేర్లు కింద చెక్కిద్దామన్నాడు. నర్సవ్వ ఆ రంగుల డబ్బా తీసుకుపోయి మోరీలో పోసింది. ఎన్నికలప్పుడు ఎవడో పోస్టరు అతికిస్తే గోళ్లతో గీకింది. మొబైల్ షాపువాడు స్టిక్కరు అంటిస్తే వాడి షాపు ముందు గంటసేపు నిలబడి మూడు భాషల్లో తిట్టింది. రోజూ పొద్దున్నే బకెట్టు, గుడ్డ పట్టుకుని పోయి రాయి కడిగేది. పైసగం ఎంత శ్రద్ధగా తుడిచేదో కిందిసగం అంతే శ్రద్ధగా తుడిచేది. పైది కొడుకు పేరు కాబట్టి, కిందిది మరెవరి పేరూ పడకూడదు కాబట్టి. సూరత్ అంతటిలో తన కొడుకుకు మిగిలింది ఆ రాయే. అందులో పొత్తు ఆమె ఒప్పుకోదు.

ఇంతలో కరోనా వచ్చింది. మొదటి ఏడు సాంచెలు ఆగిపోయాయి. గదుల్లో ఉండే ఒంటరి కూలీలు దొరికిన బండి ఎక్కి, దొరకనివాళ్లు నడిచి ఊళ్లకు పోయారు. జోల్వాలో లస్మయ్య పనిచేసే సాంచెల కార్ఖానా, ఖాతా అంటారు అక్కడ, మళ్లీ తెరిచారు గాని, ముసలివాళ్లు వద్దన్నాడు సేటు. లస్మయ్య ఇంటిపట్టున ఉండిపోయాడు. పొద్దున్నే పాలు తేవడం, నర్సవ్వ చేత మాటలు పడటం, ఆయనకు మిగిలిన పనులు ఆ రెండే.

రెండో ఏడు ఎండాకాలంలో రోగం గల్లీలోకే వచ్చింది. మొదట పక్కింటి సుభాషిణి మొగుడు బిక్షపతిని అంబులెన్సులో తీసుకుపోయారు. తిరిగి రాలేదు. శవాన్ని చూపించలేదు, బూడిద ఇవ్వలేదు. ఎక్కడ కాల్చారో కూడా తెలియలేదు. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. తలుపులన్నీ మూసుకుని ఎవరి ఏడుపు వాళ్లే ఏడ్చారు.

అలాంటి ఒక పొద్దున నర్సవ్వ బకెట్టు పట్టుకుని రాయి దగ్గరికి వెళ్తే, కింది సగంలో నీలం సుద్దతో ఒక పేరు రాసి ఉంది. కూడబలుక్కుని చదివింది. బిక్షపతి.

ఒళ్లు భగ్గున మండింది. ఖాతాల్లో నేసిన బట్టల తానుల మీద గుర్తు పెట్టే సుద్ద అది. అంటే మనవాళ్ల పనే! గుడ్డ తడిపి, పేరు ఆనవాలు లేకుండా తుడిచేసింది. తెల్లవారి మళ్లీ బిక్షపతి. కింద ఇంకో పేరు, వెంకటయ్య. అదీ తుడిచింది. మర్నాడు ఊర్మిళ. ఊర్మిళ ఎవరో కాదు, వెనక గల్లీలో పాపడాలు చేసి అమ్మే పిల్ల. దాన్నీ తుడిచింది. తుడిచే ముందు మాత్రం ప్రతి పేరూ ఒకటికి రెండుసార్లు చదివి మనసులో వేసుకుంది. రేపు పంచాయితీ పెడితే ఒక్కటి కూడా పొల్లుపోకుండా, వరసపెట్టి చెప్పాలి గదా.

ఆమెకు మొదట పరుశురాం మీదే అనుమానం. ఇవాళ సుద్దతో రాస్తారు, జనం అలవాటు పడతారు, రేపు ఉలి పెడతారు. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిగిపోతుంది. పోయి అతని వాకిట్లో నిలబడింది.

"ఏమయ్యా పరుశురాం, దాతల పేర్లు కుదరకపాయె, ఇప్పుడు సచ్చినోళ్ల పేర్లు వెడ్తున్నవా?"

పరుశురాం మాస్కు సర్దుకున్నాడు. "నేనెందుకు రాస్త వదినె? నా నెత్తి మీద చెయ్యి వెట్టుకోని చెప్తున్న."

"నెత్తి నీదే, చెయ్యి నీదే. ఇగ నేను నమ్మాల్నా?"

మాస్కు కట్టుకున్నవాడి మాట ఎలా నమ్మాలి? సగం మొహమే కనబడదాయె. ఈ రోగం ఇంకేం చేసినా చేయకపోయినా, దొంగలకు మాత్రం మంచి వసతి చేసిందని నర్సవ్వ గొణుక్కుంటూ వచ్చింది.

రెండో అనుమానం సుభాషిణి మీద. మొదట పడ్డది ఆమె మొగుడి పేరే. పైగా ఆ పిల్ల ఈ మధ్య కళ్లలోకి చూడటం లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తనను చూడగానే లోపలికి పోతోంది. ఒకనాడు నల్లా దగ్గర ఆపి అడిగేసింది.

"నా కొడుకు తుపాకి గుండుకు పోయిండు. నీ మొగడు దగ్గి పోయిండు. రెండూ ఒక్కటేనా పిల్లా?"

సుభాషిణి నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడి విన్న లస్మయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. బయట ఎక్కడో ఏదో మేసి వచ్చాడని నర్సవ్వ అనుకుంది.

ఇక కాపలా మొదలుపెట్టింది. ప్లాస్టిక్ కుర్చీ వాకిట్లో వేసుకుని, కూర తరుగుతున్నా, బియ్యం ఏరుతున్నా కళ్లు రాయి మీదే. పొద్దుట పొయ్యి ముట్టించి ఛాయ్ పెట్టే వేళ ఒక్కటే తను లోపల ఉంటుంది. ఆ కాస్త సందు కూడా పూడ్చాలని, పాలకు వెళ్లే మొగుడికి పని ఒప్పజెప్పింది.

"నువ్వు గా రాయి ముంగట్నుంచే పోతవ్ గదా. ఎవడన్న ఉన్నడేమో జర సూశి రా."

"సూస్త," అనేవాడు లస్మయ్య.

"ఎవడన్న కనవడ్డడా?" అనేది పాలు తేగానే.

"ఎవ్వలు లేరు."

అయినా పేర్లు పడుతూనే ఉన్నాయి. ముత్యం. సోమలింగం. ఆమె తుడుస్తూనే ఉంది. ఈ కళ్లులేని మనిషిని కాపలా పెట్టడం నాదే బుద్ధి తక్కువ అని తనను తాను తిట్టుకుంది.

ఆ వారంలోనే లస్మయ్యకు జ్వరం తగిలింది. ఏం లేదు, ఎండదెబ్బ అంటూనే ఊపిరి అందక గోడకు ఒరిగిపోయాడు. పరుశురాం ఫోన్లు చేసి అంబులెన్సు తెప్పించాడు. ఆమెను ఎక్కనివ్వలేదు. ఆసుపత్రివాళ్లతో మాట్లాడేది సమాజం పెద్దే కాబట్టి పరుశురాం నంబరే రాయించారు. ఎక్కేముందు లస్మయ్య ఆయాసపడుతూ వెనక్కి తిరిగాడు.

"నర్సా... కొన్నొద్దులు రాయి కాడికి పోకే."

ఎందుకట? మొగుణ్ణి తీసుకుపోతున్నారన్న దిగులు ఒకపక్క ఉన్నా, ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఈయన కూడా వాళ్ల జట్టేనా? బండి మలుపు తిరిగేదాకా నిలబడి, అదే ఆలోచించుకుంటూ ఇంట్లోకి వచ్చింది.

మర్నాడు పొద్దున రాయి మీద ఏ పేరూ లేదు. ఆ మర్నాడూ లేదు. నర్సవ్వకు ఎక్కడలేని ధీమా వచ్చింది. "నా నోటికి జడిసిండ్రు బాడ్‌కావులు," అనుకుంది. అయినా మానకుండా రోజూ పోయి ఉత్త రాయినే కడిగి వచ్చింది. మొగుడి సంగతి పరుశురాంను అడిగేది. ఆక్సిజన్ పెట్టారట, మంచిగానే ఉన్నాడట. అయితే ఆయనకు పెట్టే అన్నం అక్కడ ఎవరు తింటున్నారో అని ఆమె అనుమానం. తర్వాత ఒక సాయంత్రం అడగబోతే పరుశురాం దూరం నుంచే చెయ్యూపి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని లోపలికి పోయాడు. ఆ ఫోన్ మోగగా ఆమె వినలేదు. ఏదో దాస్తున్నాడని ఇట్టే పసిగట్టింది గాని, రాయి సంగతే దాస్తున్నాడనుకుంది.

తెల్లారి రాయి దగ్గరికి వెళ్లేసరికి, కొడుకు పేరుకు సరిగ్గా కింద నీలం సుద్దతో కొత్త పేరు ఉంది. లస్మయ్య.

ఒకటికి రెండుసార్లు చదివింది. ఈసారి తుడవలేదు. సాక్ష్యం ఉండాలి! బతికి ఉన్న మనిషిని చంపి రాస్తారా? మొన్నటిదాకా చచ్చినవాళ్ల పేర్లు రాశారు, ఇప్పుడు తన మీద కసితో, ఆసుపత్రిలో పడుకున్నవాడి పేరు రాస్తారా? బకెట్టు అక్కడే వదిలేసి, తడిగుడ్డ చేతిలో పట్టుకుని పోయి సుభాషిణి తలుపు దబదబా బాదింది.

"బయటికి రాయే! నీ నోట్ల మన్నువడ! నా మొగడు నీకేం జేసిండే!"

సుభాషిణి తలుపు తీసింది. కుడిచేతి వేళ్లకు నీలంగా సుద్ద అంటి ఉంది. నర్సవ్వ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని వీధిలోకి లాగింది.

"దొరికింది! సూడుండ్రి, దొరికింది దొంగ!"

చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి. సుభాషిణి చెయ్యి విడిపించుకోవాలని కూడా చూడలేదు, ఊరికే ఏడుస్తూ నిలబడింది. నర్సవ్వ కిటికీల వంక చూసింది. జన్మంతా మనుషుల మొహాల్లో అబద్ధం వెతికిన మనిషి. ఇవాళ ఎన్ని మొహాలు చూసినా అబద్ధం దొరకలేదు. అందరి కళ్లల్లో జాలి ఉంది. ఆమె చెయ్యి పట్టు సడలింది.

పరుశురాం వచ్చాడు. ఈసారి మాస్కు లేదు. "ఫోను నిన్న వచ్చింది వదినె. నీకు చెప్పెటందుకు నోరు రాలె."

"ఎవలు సూశిండ్రు?" అంది నర్సవ్వ.

"ఎవ్వలను సూడనిస్తలేరు. సంచిల సుట్టి ఆళ్లే తీస్కపోయిండ్రట."

"మొఖం ఎవలు సూశిండ్రు అంటున్న!"

ఎవరూ చూడలేదు. ఊళ్లో పెట్టె తెరిపించినట్టు తెరిపించడానికి ఇక్కడ పెట్టె లేదు. ఎవరి మీద పడి కొట్లాడాలి? ఆమె అక్కడే గడప మీద కూలబడింది.

సుభాషిణి పక్కనే కూర్చుంది. "ఆయన పేరొక్కటే నేను రాసిన పెద్దమ్మా. అంతకుముందువన్ని పెద్దబాపే రాసిండు. అంబులెన్సు వచ్చిననాడు సుద్ద నా చేతుల వెట్టిండు."

దొంగ చేతికే తాళాలిచ్చి ఇన్నాళ్లూ ఊరంతా వెతికింది నర్సవ్వ. పాలకు పోయినప్పుడు చూసి రమ్మంటే, ఎవ్వలు లేరని రోజూ చెప్పాడు. నిజమే చెప్పాడు, ఆయన తప్ప ఎవరూ లేరు.

"ఎందుకు రాసిండు?"

"మా ఆయన మొఖం సూడలె, బూడిద రాలె. ఇంత బువ్వ వెట్టెటందుకు జాగ సుత లేదని ఏడ్చిన. పెద్దబాపు ఇన్నడు. ‘ఏడువకు బిడ్డా, నేను ఇరువై ఏండ్ల కిందనే కొస ఇడిశిపెట్టిన. గిప్పుడు అతుకేస్త’ అన్నడు."

నర్సవ్వ చేతిలోని తడిగుడ్డ వంక చూసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. తను రోజూ తుడిచేసి, తెల్లారి ఛాయ్ పోసి ఇస్తుంటే ఆ మనిషి ఒక్క మాట అనకుండా తాగాడు. ఆ కడుపులో ఎంత బాధ ఉందో ఒక్కనాడూ అనుమానం రాలేదు తనకు. లోకంలో అన్నిటినీ అనుమానించింది గాని, అది మాత్రం తట్టలేదు.

"నీ మొగన్ని నువ్వు సూశినవా బిడ్డా?" అని అడిగింది మెల్లగా.

"లేదు పెద్దమ్మా."

నర్సవ్వ లేచింది. తడిగుడ్డతో తిన్నగా రాయి దగ్గరికి నడిచి, లస్మయ్య పేరును ఒక్కపెట్టున తుడిచేసింది. వెనకాల ఎవరో "అయ్యో" అన్నారు. ఈ ముసలిది ఇంక మారదని పరుశురాం తల తిప్పుకున్నాడు. ఆమె కొంగు తీసి, తడి ఆరేదాకా ఆ జాగా అంతా ఒత్తి ఒత్తి తుడిచింది. తడి రాయి మీద సుద్ద పట్టదు.

"గీడ కాదు ఆయనది. ఆఖరుకు," అంది. "ఆయన రాసినయన్ని తుడిసింది నేను. ఒక్కటి మరువలె. నేను చెప్త, నువ్వు రాయి. నీ మొగనిది ముందు."

సుభాషిణి ఇంట్లోంచి సుద్ద తెచ్చి రాసింది. బిక్షపతి. నర్సవ్వ గొంతెత్తి, గల్లీ అంతా వినబడేలా "వెంకటయ్య!" అంది. పంచాయితీలో చెప్పాలని కూడబెట్టుకున్న పేర్లు, ఒక్కటి పొల్లుపోకుండా వరసగా వస్తున్నాయి. నడిమి వరసలో ఒక తలుపు తెరుచుకుని వెంకటయ్య కోడలు గడపలో నిలబడింది. "ఊర్మిళ!" అంటే వెనక గల్లీ నుంచి ఆ పిల్ల తండ్రి వచ్చి మూల మీద ఆగాడు. "ముత్యం!" అనగానే ఇంకో తలుపు. "సోమలింగం!" అనగానే మరొకటి. ఏ పేరు పలికితే ఆ ఇంటివాళ్లు బయటికి వచ్చారు.

ఆఖరున "లస్మయ్య," అంది నర్సవ్వ. అలవాటుగా తన ఇంటి వైపు కూడా తిరిగి చూసింది. ఆ తలుపు తెరవడానికి లోపల ఎవరూ లేరు. వచ్చేటప్పుడు తనే తాళం వేసుకుని వచ్చింది.